సుక్కి ఎందుకు ఆగిందంటే

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే మానొద్దు. చింతపండు గింజలు తీస్తూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో వినండి, నాకు ఒక చెవి ఇస్తే చాలు. నేను నాలుగో తరగతి దాటని దాన్ని. కానీ జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది. నేను పడిపోయినప్పుడు చూడ్డానికి ఎవరు ఏ రంగు చీర కట్టుకుని వచ్చారో కూడా చెప్పగలను.

మాది అమరచింత దగ్గర పల్లె. గొర్లు కాసే ఇల్లు. శివరాత్రి పోయి ఇక్కడ గడ్డి ఎండిందంటే మందను తోలుకుని తూర్పుకు పోతాం. వనపర్తి మీదుగా, నాగర్‌కర్నూలు దాటి, ఉప్పునుంతల, లింగాల దిక్కు, అడవి అంచు దాకా. వానలు పడితే తిరిగొస్తాం. మా ఇంటాయన, మా మరిది శంకర్ మంద వెంట నడుస్తారు. నేను గుర్రం మీద పోతాను. గుర్రమంటే సినిమాల్లో చూసే గుర్రం కాదు, పొట్టిది, బరువులు మోసేది. నొసట తెల్ల మచ్చ ఉంటుంది కాబట్టి సుక్కి అంటాం. దానికి చెరో పక్క ఒక సంచి. ఒకదాంట్లో వంట సామాను, ఇంకోదాంట్లో దారిలో పుట్టిన గొర్రెపిల్లలు. వీపు ఒరుసుకుపోకుండా వేసే మెత్తను గంత అంటాం. ఆ గంత మీద, రెండు సంచుల నడుమ నేను. మందకంటే ముందే పోయి, నీళ్లున్న చోటు చూసి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసి, వాళ్లు వచ్చేసరికి రొట్టెలు చేయడం నా పని. మా పుట్టిల్లు కృష్ణ అవతల, రాయచూరు దిక్కు. నడక వచ్చినప్పటి నుంచీ గుర్రం ఎక్కిన దాన్ని.

అట్లాంటి నాకు దీపావళి ముందు ఒక పొద్దున, దొడ్డి ఊడుస్తుంటే, చేతిలో చీపురు జారింది. తీసుకుందామంటే ఎడమ చేయి రాలేదు. నొప్పి లేదు. నొప్పి ఉంటే అప్పుడే భయపడేదాన్ని. ఎవరిదో చేయి తెచ్చి నా భుజానికి తగిలించినట్టు ఉంది, అంతే. అత్తమ్మను పిలుద్దామని నోరు తెరిస్తే మాట ముద్దగా వచ్చింది. ఆమె వచ్చి నా మొహం చూసి చేతిలో చెంబు వదిలేసింది.

"అయ్యో, మూతి గిట్ల పక్కకు వోయిందేంది! ఓ కొడుకా, జల్ది రారా!"

వాడకట్టంతా వచ్చింది. పావురం నెత్తురు రాయమని ఒకరు, ఫలానా ఊళ్లో పసరు పోస్తాడని ఒకరు. పసరు ఆయన దగ్గరికే ముందు పోయాం. ఆయన ఇంట్లో లేడు. ఇప్పుడొస్తాడు, అప్పుడొస్తాడని ఆయన వాకిట్లో పొద్దు వంగేదాకా కూర్చున్నాం. ఆ తర్వాతే వనపర్తి దవాఖానకు. డాక్టరు మమ్మల్ని కసరలేదు. "జర ముందు తీసుకొస్తే బాగుండు" అన్నాడు, అంతే. ఆ మాటకు మా ఇంటాయన తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాడు. అందుకే చెప్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా మూతి పక్కకు పోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా, ఎవరి వాకిట్లోనూ కూర్చోవద్దు. ఆ క్షణమే పెద్ద దవాఖానకు పోండి. పక్షవాతం ఎవరి కోసమూ ఆగదు.

దవాఖానలో నా పక్క మంచం ఆమె, పేరు కూడా అడగలేదు, పొద్దున్నే తన తల దువ్వుకున్నాక అదే దువ్వెనతో నాకూ దువ్వి జడ వేసేది. ఆమె కాలికి సిమెంటు పట్టీ. ఒంటికాలి మీద నా మంచం దాకా వచ్చేది. నాకు మాట కూడా విచిత్రంగానే తిరిగొచ్చింది. మొదట వచ్చింది తెలుగు కాదు, మా పుట్టింటి కన్నడం. దాహమై "నీర్ కొడ్రి" అన్నాను, చిన్నప్పుడు పుట్టింట్లో అన్నట్టు.

అత్తమ్మ నీళ్లు తాగిస్తూ, "ఏందే కిష్టమ్మా, మూతి పక్కకు వోతే వోయింది, భాష గూడ నది దాటి వోయిందా?" అంది.

నవ్వబోతే సగం మొహమే నవ్వింది. అది చూసి ఆమె ఏడ్చింది. ఆమె ఏడ్వడం చూసి నేనూ ఏడ్చాను. నా ఏడుపు మాత్రం రెండు కళ్లలోనూ వచ్చింది.

కార్తీకంలో ఇంటికి తెచ్చారు. కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేసేదాన్ని. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చేది, చేయి వేలాడేది, కూర్చుంటే నడుం ఎడమకు జారేది. వారం వారం వనపర్తికి పోయి వ్యాయామాలు చేయించుకోవాలి. ఆ గది ముందు బల్ల మీద కూర్చుని కూర్చుని అందరం చుట్టాలమైపోయాం. ఎవరి చేయి ఎంత లేచిందో ఎత్తి చూపించుకునే వాళ్లం. వ్యాయామాలు చేయించే అమ్మాయి పేరు షాహీన్, నాగర్‌కర్నూలు పిల్ల. "అమ్మా, పరేషాన్ గావద్దు, నేనున్న గద" అంటూనే చేయి విరిగేటట్టు వంచేది.

ఇంట్లో మాత్రం అందరూ నాతో మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టారు. పొయ్యి దగ్గరికి పోతే "వద్దు వద్దు, కూసో" అనేవాళ్లు. మా ఇంటాయన గొంతు పొలిమేర దాకా వినపడే గొంతు. ఆయన నా దగ్గరికి వచ్చి దవాఖానలో మాట్లాడినట్టు గుసగుసగా "తిన్నవా?" అనేవాడు. మంచి మనసుతోనే. కానీ ఇంట్లో చుట్టం ఉన్నట్టు ఉండేది నాకు, నేనే ఆ చుట్టాన్ని.

ఒక రోజు గద్వాల నుంచి ఒకాయన వచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు నడిపేవాడు. సుక్కి పళ్లు చూశాడు, కాళ్లు నిమిరాడు. "శివరాత్రి ముందట్నే తోల్కపోత" అని చెప్పి పోయాడు. నాకు అప్పుడు తెలిసింది. సుక్కిని ఆయనకు ఇచ్చేస్తారు. సామాను ట్రాలీ ఆటోలో పోతుంది. నేను అత్తమ్మతో ఇంట్లో ఉంటాను. ఈ ఏడు ఒక్కటే కాదు, ఇక ఎప్పుడూ.

"నేను ఎక్కుత" అన్నాను.

మా ఇంటాయన "యాడికి?" అన్నాడు.

"గుర్రమెక్కుత. మీతోటి వస్త."

ఆయన కాదనలేదు. కాదంటే ఏడుస్తానని భయం. పుష్యంలో చలి తగ్గిన ఒక పూట సుక్కిని వాకిట్లోకి తెచ్చారు. అన్నదమ్ములిద్దరూ కలిసి నన్ను ఎత్తి గంత మీద కూర్చోబెట్టారు. నేను ఎడమకు జారుతున్నాను. అప్పుడు మా మరిది తనకు వచ్చిన పని తాను చేశాడు. బరువులు కట్టే తాడు తెచ్చి, నా నడుముకు, తొడలకు, గంతకు కలిపి, మూట కట్టినట్టు బిగించాడు. మా వాళ్లకు గుర్రం మీద ఏది జారినా ఒకటే మందు, తాడు.

"వదినె, ఇగ నువ్వు వడుమన్నా వడవు. లింగాల దాంక వోయినా ముడి ఊడది," అన్నాడు.

"ఊపిరన్న ఆడనియ్యురా," అన్నాను.

సుక్కి కొంచెం నడిచింది. నా ఒళ్లు ఎడమకు వాలింది. అది ఆగింది. అదిలించారు, కదల్లేదు. కళ్లెం పట్టి లాగారు, కదల్లేదు. చెవులు వెనక్కి పెట్టి, నాలుగు కాళ్లూ భూమిలో పాతినట్టు నిలబడింది. శంకర్ వెనక నుంచి బరికెతో ఒకటి వేశాడు. అంతే, ముందరి కాళ్లు మడిచి కూలబడడం మొదలుపెట్టింది. నేను తాళ్లతో దానికి కట్టేసి ఉన్నాను. అది పక్కకు ఒరిగితే నా ఎడమ కాలు దాని కింద. ఆ కాలికి తప్పించుకునే తెలివి లేదు. మా ఇంటాయన ఆకులు కోసే కొడవలితో తాళ్లు తెగకోసి నన్ను గుంజాడు. మడమ వాచింది, అంతటితో పోయింది.

ఆయన వాకిట్లోనే కూలబడ్డాడు. "ఇగ చాలు. గుర్రం గూడ మొయ్యనంటుంది. నాకు నువ్వు గావాలె, గుర్రం గాదు" అన్నాడు. మంచి మాటే. కానీ నాకు మడమ నొప్పికంటే, సుక్కి నన్ను వద్దన్నదనేదే ఎక్కువ నొప్పి. నేనే పాలు పట్టి పెంచిన పిల్ల అది. ఇంక వ్యాయామాలు కూడా ఎందుకని మంచం పట్టాను. అత్తమ్మ అన్నం కలిపి తెస్తే మొహం అటు తిప్పుకున్నాను.

"నీ మూతి ఇప్పుడిప్పుడే సక్కగయితుంది, నువ్వే వంకర వెట్టుకుంటవేందే" అని ఆమె బతిమిలాడేది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం వాకిట్లో మంచం మీద పడుకుని వీధి చూస్తున్నాను. శంకర్ సుక్కి మీద మేత మోపులు వేసుకుని వస్తున్నాడు. తను వెనకబడ్డాడు, ఎవరితోనో ముచ్చట. ఒక పక్క మోపు జారింది. సుక్కి వీధి నడుమ ఆగిపోయింది. వెనక ట్రాక్టరు వాడు హారన్ కొడుతున్నాడు. అది కదిలితే ఒట్టు. శంకర్ "ఒరిగె, ఒరిగె" అని అరుచుకుంటూ ఉరికి వచ్చి మోపు సర్దాడు. సుక్కి మళ్లీ నడిచింది.

నేను దిగ్గున లేవబోయాను. "అత్తమ్మా! ఒరిగిన! నేను ఒరిగిన!"

ఆమె నేను మంచం మీంచి పడిపోతున్నాననుకుని చేతుల్లో పిండితోనే ఉరికి వచ్చి నన్ను పట్టుకుంది.

"వడ్తలేనత్తమ్మా, ఇను. సుక్కి పిల్లగున్నప్పుడు నేర్పినం గద. బరువు ఒక్క దిక్కు ఒరిగితే ఆగాలె. ఆగకుంటే సంచిల గొర్రెపిల్లలు నలుగుతయి. ఆగినంక తోస్తే గూసుంటది, బరువు వడకుండ. అది నన్ను వద్దంటలేదు. నేనే ఒరిగిన బరువును."

అత్తమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది.  సాయంత్రం మా ఇంటాయన రాగానే సుక్కికి రెండు పక్కలా జొన్న సంచులు కట్టించింది, ఒకటి నిండుది, ఒకటి సగం. "తోలురా" అంది. తోలాడు. ఆగింది. సంచులు సమం చేయించింది. నడిచింది. మళ్లీ మార్చింది. మళ్లీ ఆగింది.

"సూసినవా? గిది కోడలు గాదు, జొన్నలు. దీనికి జొన్నలంటే గూడ కోపమేనా?"

మా ఇంటాయన సుక్కి మెడ మీద చెయ్యి వేశాడు. "అయితే ఇది గుర్రం మీద సక్కగ కూసోవాలె," అన్నాడు. "ఒక్క దిక్కు ఈడ్చే మనిషి సక్కగెట్ల కూసుంటది?"

ఆ ప్రశ్న పట్టుకునే వనపర్తికి పోయాం. షాహీన్ ముందు తాడు సంగతి విని లేచి నిలబడింది.

"అన్నా, మనిషిని జంతువుకు కడ్తారా? అది వడితే? ఉరికితే? కింద వడ్డ మనిషి గుర్రం నుంచి ఇడిపోవాలె. కట్టుడు బంద్. పక్కా బంద్."

మా ఇంటాయన తల వంచుకున్నాడు. ఆ పిల్ల మెత్తబడి, తన ఫోనులో వీడియోలు చూపించింది. ఏ దేశమో మరి, ఒక చేయి లేనివాళ్లు, కాళ్లు రానివాళ్లు, గుర్రాల మీద రాజుల్లాగా కూర్చున్నారు. ఒకామెకు రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా లేవు. వాళ్ల జీను వేరు. వెనక వీపుకు ఆనుకునే ఎత్తు, ముందు పట్టుకునే పిడి. రెండు పగ్గాలూ ఒక్కటిగా కలిపి, ఒక చేత్తో తిప్పుకునేటట్టు నడుమ నడుమ ఉచ్చులు. కాలు పెట్టే రికాబుకు ముందర తొడుగు, పాదం అవతలికి దూరి ఇరుక్కోకుండా. నేలమీంచి ఎక్కడం లేదు, దిబ్బలాంటి మెట్ల మీంచి నేరుగా వీపు మీదికే. నాకు ఆ కాళ్లు లేని ఆమె మొహం మీదే చూపు. ఆమె మొహంలో ఎవరిమీదా కోపం లేదు.

షాహీన్ డాక్టరును అడిగి వచ్చింది. బీపీ గోళీలు ఒక్క పూట కూడా తప్పొద్దు, పక్కన మనిషి లేకుండా ఎక్కొద్దు, తలకు హెల్మెట్ లేకుండా అసలు వద్దు. ఈ మూడింటికీ ఒప్పుకుంటే ప్రయత్నం చేయమన్నారు.

ఆ జీను మన దగ్గర ఎవరు కుడతారు? అమరచింత బస్సులు ఆగే చోట ఆటో సీట్లు కుట్టే యాదగిరి దగ్గరికి సుక్కిని, నన్ను తీసుకుపోయారు. అతను సుక్కి చుట్టూ తిరిగాడు.

"అక్కా, ఆటోకైతే కొలతొకటే ఉంటది. ఇది ఊపిరి వీల్చినప్పుడల్లా కొలత మారుస్తుంది."

"నువ్వు ఆటో డ్రైవర్ల ముడ్లకు కుడ్తలేవా, నా కోడలు నడుముకు కుట్టలేవా?" అంది అత్తమ్మ. చుట్టూ నిలబడ్డ డ్రైవర్లంతా నవ్వారు.

పాత గంత మీదే కుట్టాడు. వీపుకు ఆనుకునే దిండు, ముందు ఇనుప పిడి, దానికి రెక్సిన్. నా ఎడమ తుంటి కింద స్పాంజి ఎత్తు. నడుముకు పట్టీ తాడుతో కాదు, బడిపిల్లల బూట్లకు ఉండే పట్టీతో, చర్రున లాగితే ఊడేది. రికాబుకు పాత రబ్బరు బూటు ముందు భాగం కోసి తొడిగాడు. మొదటిసారి స్పాంజి ఎక్కువైంది. ఎక్కి కూర్చుంటే ఈసారి కుడికి ఒరిగాను. సుక్కి ఆగింది.

"ఇన్స్పెక్షన్‌ల ఫెయిలైన," అన్నాడు యాదగిరి. విప్పి మళ్లీ కుట్టాడు.

మాఘమంతా అదే పని. మా చేను గట్టు ఎత్తుగా ఉంటుంది. సుక్కిని కింద నిలబెడితే గట్టు మీంచి దాని వీపు మీదికి జరగొచ్చు. శంకర్ తన బండి హెల్మెట్ తెచ్చి నా నెత్తిన పెట్టి, "వదినె, గద్వాల బారాతికి గుర్రం కాదు, పెళ్లికొడుకే దొరికిండు" అన్నాడు. మా ఇంటాయన ఎడమ పక్క నడిచేవాడు. సుక్కి నడిచేది, నేను వాలేదాన్ని, అది ఆగేది. ఎవరూ దాన్ని అదిలించకూడదని అత్తమ్మ హుకుం. నేను ఊపిరి బిగబట్టి, పొట్ట కండలు గుంజి, నడుం నిలబెట్టుకుంటే అది మళ్లీ కదిలేది. దవాఖానలో అద్దం ముందు కూర్చోబెట్టి "సీదా కూసో అమ్మా" అని షాహీన్ వందసార్లు చెప్పినా నాకు నేను వంకరగా ఉన్నట్టే తెలిసేది కాదు. సుక్కి చెప్తే తెలిసేది. మొదట్లో ప్రతి నాలుగు అడుగులకూ ఆగేది. విసుగొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. ఒకసారి పట్టీ ఊడి జారి దున్నిన మట్టిలో పడ్డాను కూడా. సుక్కి ఆగి నిలబడింది, నా కాలు తొడుగులోంచి వచ్చేసింది, దెబ్బ తగల్లేదు. మా ఇంటాయన మొహం తెల్లబోయింది. నేను మట్టిలో కూర్చుని, "సూసినవా, ఇడిపోయిన!" అని నవ్వాను. మొహం రెండు పక్కలా నవ్విందని అత్తమ్మ తర్వాత చెప్పింది.

శివరాత్రి ముందు గద్వాల ఆయన వచ్చాడు, చెప్పిన మాట ప్రకారం. ఆ పొద్దు నేను చేను చుట్టూ తిరుగుతున్నాను. ఆయన గట్టు మీద నిలబడి చూశాడు. ఒక చుట్టు, రెండో చుట్టు. సుక్కి ఎక్కడా ఆగలేదు. మా ఇంటాయన ఆయన దగ్గరికి పోయి, "అన్నా, దూరమొచ్చినవు, చాయ్ తాగి పో. గుర్రానికి మాత్రం పనున్నది" అన్నాడు.

మందతో బయలుదేరాం. వాళ్లు నన్ను పూర్తిగా నమ్మలేదులెండి. సామాను సగం ఆటోలోనే పోయింది. ఎండెక్కితే నన్ను దించి ఆటోలో ఎక్కించేవాళ్లు. పక్కన ఎవరో ఒకరు నడవాల్సిందే. ఇప్పటికీ ఎడమ చేతి వేళ్లు ముడుచుకునే ఉంటాయి, చలికి కాలు కట్టెలాగా అవుతుంది. పోయింది పోయినట్టే, అంతా తిరిగి రాలేదు. రాదని కూడా తెలుసు. ఆ మాట చెప్పకుండా ఊరట చెప్తే అబద్ధమవుతుంది.

ఉప్పునుంతల దాటాక ఒక సాయంత్రం, దారిలో ఒక గొర్రె ఈనింది. శంకర్ ఆ పిల్లను తుడిచి, అటు ఇటు చూసి, ఇంకేమీ ఆలోచించకుండా నా దిక్కు చాచాడు. "వదినె, వట్టు" అన్నాడు. గొర్రె వెనక పరుగెత్తాడు.

కుడి చేతిలో పగ్గం. పిల్ల తడిగా, వెచ్చగా, కాళ్లు తన్నుకుంటూ నా ఒళ్లో పడింది. నేను ఎడమ మోచేతిని దాని మీద వేసి పొట్టకు అదుముకున్నాను. వేళ్లు రాకపోయినా మోచేయి వచ్చింది. పిల్ల గుండె కొట్టుకోవడం నా చేతికి తెలిసింది. ఆ చేతికి ఒకటి తెలియడం ఎన్నాళ్లకో. అట్లాగే దాన్ని చూస్తూ, పొద్దు సంగతి, నీళ్ల సంగతి మరిచిపోయి, దారి నడుమ సుక్కి మీదే ఆగిపోయాను.

ముందు నుంచి మా ఇంటాయన కేక వినపడింది. గుసగుస కాదు. దీపావళికి ముందు ఉండిన గొంతు, అడవి అంచు దాకా పోయే గొంతు.

"ఏమే! ఏం సూస్కుంట నిలవడ్డవే ఆడ! పొద్దు గుంకవట్టె. పొయ్యి ఎవలు ముట్టిస్తరు, నీ నాయినొచ్చి ముట్టిస్తడా?"

శంకర్ ఆగిపోయి భయంగా నా మొహం చూశాడు, బాధపడతానేమోనని. నేను ఎంత గట్టిగా అరవగలనో అంత గట్టిగా అరిచాను.

"వస్తున్న, ఆగు! మా నాయిన పేరెత్తితే రొట్టెలు నువ్వే సేస్కోవాలె!"

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా ముద్దగా రాలేదు.

విన్నారు కదా, ఇక మీ పనుల్లోకి పోండి. మీ ఇంట్లో అందరూ చేయీ కాలూ చక్కగా చల్లగా ఉండాలి. ఒకవేళ ఎవరికైనా ఏమైనా అయితే, వేళకు దవాఖానకు తీసుకుపోయే మనుషులు ఇంట్లోనే ఉండాలి. లేచాక మళ్లీ పని చెప్పే వాళ్లుండాలి. పొద్దుగూకితే మీ పేరు పెట్టి గట్టిగా కసురుకునే గొంతు మీ వాకిట్లో ఎప్పుడూ వినపడుతుండాలి, తల్లీ. మీ పొయ్యి ఆరకూడదు.